చలికాలం సెట్టింగు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది స్పీడు గురించే. "ఆంటీ, పాత ప్రాసెసర్‌ని ఎంతవరకు లాగొచ్చు?" అంటారు. ఎంత చల్లగా ఉంచగలిగితే అంతవరకు అని చెబుతాను. అది నిజమే గాని సగం నిజం. మిగతా సగం చెప్పడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది. పనిముట్లు పక్కన పెట్టేశాను కనుక ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నా పేరు జానకి. మా నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టర్. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. రైల్వే క్వార్టర్‌లో పుట్టి పెరిగి, ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, బుధవారీ బజార్ దగ్గర ఒక కంప్యూటర్ రిపేరు దుకాణంలో చేరాను. ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుంటే జనం ఆగి చూసి నవ్వే రోజులవి. దాదాపు నా ఉద్యోగమంతా ఆ ఒక్క దుకాణంలోనే గడిచింది. చివరి కొన్నేళ్ళు మాత్రం ఇంటి దగ్గరే పని చేసుకున్నాను. ఎందుకన్నది ఇందులోనే వస్తుంది.

అసలు పని ఏమిటంటే

కాలేజీలో నేర్పేది వేరు, ఇక్కడ చేసేది వేరు. మా ఊళ్ళో కంప్యూటర్ రిపేరు అంటే ముప్పాతిక వంతు దుమ్ముతో, ఎండతో, గోడలోని కరెంటుతో వేగడం. రైల్వే యార్డ్ పక్క ఇళ్ళలో కంప్యూటర్ క్యాబినెట్ తెరిస్తే ప్రాసెసర్ మీది రేకుల మధ్య సన్నటి బొగ్గుపొడి నూనె దువ్వెనలో మురికిలా పట్టి ఉంటుంది. గాలి దూరడానికి సందుండదు. "వైరస్ వచ్చింది" అని తెస్తారు. ఒకసారి మా జిల్లాలోని కోటా నుంచి ఒకాయన రైల్లో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చాడు, వైరస్ అనే. విప్పితే ఫ్యాన్‌లో బల్లి ఇరుక్కుని ఎండిపోయి ఉంది. ఆయన నమ్మలేదు. బల్లిని తీశాక కూడా, వైరస్ సంగతి ఏం చేశారని అడిగాడు.

ఇలాంటివి చెప్పుకుని నవ్వుకోవచ్చు. ఈ పనిలో నవ్వుకునేవి చాలానే ఉన్నాయి. కాని ఇప్పుడు నేను చెప్పబోయేది అలాంటిది కాదు.

దుబే గారు

దుకాణం యజమాని దుబే గారు. నాకు పని నేర్పింది ఆయనే. "మెషీన్‌ని ముందు విను, తర్వాత విప్పు" అనేవాడు. ఫ్యాన్ చప్పుడు విని బేరింగ్ పోయిందో దుమ్ము పట్టిందో చెప్పేవాడు. చెయ్యి తిరగేసి వెనకవైపుతో వేడి చూడడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అరచేతికి పని చేసిచేసి స్పర్శ మొద్దుబారుతుందట. అవసరం లేని పార్టు అమ్మిన రోజు నేను చూడలేదు. నన్ను "బేటీ" అనేవాడు. కూతురిలాగే చూసుకున్నాడని చెప్పడానికి నాకు ఇప్పటికీ ఇబ్బంది లేదు.

తర్వాత కాలం మారింది. జనం ఫోన్లోనే కొత్త ల్యాప్‌టాప్‌లు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. పాడైనది బాగుచేయించుకునే అలవాటు పోతూ వచ్చింది. దుకాణంలో మధ్యాహ్నాలు ఇద్దరం ఖాళీగా కూర్చునేవాళ్ళం. అప్పుడే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. బయట హిందీలో ఒక బోర్డు పెట్టించాడు: పాత కంప్యూటర్‌కు కొత్త వేగం.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ బోర్డు చూసి నాకు సంతోషం వేసింది. ఆ పని నాకు బాగా వచ్చు, ఇష్టం కూడా.

వేగం ఎక్కడి నుంచి వస్తుంది

ప్రాసెసర్ పాటలోలాగా ఒక తాళానికి పని చేస్తుంది. తయారుచేసినవాళ్ళు ఆ తాళాన్ని కొంచెం నెమ్మదిగానే పెట్టి అమ్ముతారు. ప్రతి చిప్పూ ఒకేలా ఉండదు, ప్రతి ఊరి వేడీ ఒకేలా ఉండదు. అందుకని కొంత మిగుల్చుతారు. ఆ మిగులును మనం వాడుకోవడమే ఓవర్‌క్లాకింగ్. కొన్ని రకాల్లో దానికి వీలు ఇస్తారు. సెట్టింగుల్లోకి వెళ్ళి ఒక అంకె పెంచితే తాళం వడి పెరుగుతుంది. ఒక హద్దు దాటాక చిప్ తడబడుతుంది. అప్పుడు దానికిచ్చే వోల్టేజ్ కొద్దిగా పెంచాలి. వోల్టేజ్ కొద్దిగా పెంచితే వేడి కొద్దిగా పెరిగి ఊరుకోదు, బాగా పెరుగుతుంది. అందుకని ముందు చల్లబరచడం చూసుకోవాలి: చిప్ మీద సుద్దలా ఎండిపోయిన పాత పేస్ట్ గీకి కొత్తది రాయడం, చిన్న ఫ్యాన్ తీసి పెద్ద రేకుల హీట్‌సింక్ బిగించడం, గాలి ముందునుంచి వచ్చి వెనకనుంచి పోయేలా చూడడం.

ఇదంతా ఒక వోల్టు, దాని మీద ఇంకో పావు వోల్టు మధ్య జరిగే పని. నూరో వంతు చొప్పున పెంచుతూ, ప్రతిసారీ గంటల తరబడి పరీక్షిస్తూ పోవాలి. ఓపిక ఉంటే పదేళ్ళ నాటి యంత్రం కూడా లేచి కూర్చుంటుంది.

చాలామంది పిల్లలు మరిచిపోయేది ఒకటుంది. హీట్‌సింక్ చిప్పును గదికంటే చల్లగా చేయలేదు. గదిలో ఎంత వేడి ఉంటే ఆ పైనే మొదలవుతుంది. పుష్యమాసంలో నిలబడిన సెట్టింగు మా ఊళ్ళో వైశాఖంలో నిలబడదు. అందుకని నేను ప్రతి యంత్రంలో రెండు సెట్టింగులు దాచేదాన్ని, చలికాలానికి ఒకటి, ఎండాకాలానికి ఒకటి. ఎండాకాలంది దాదాపు కంపెనీ వేగమే. యంత్రం తడబడితే తగ్గించాలి, పెంచకూడదు. తడబడింది కదా అని ఇంకాస్త వోల్టేజ్ ఎక్కించేవాడు, జ్వరం వచ్చినవాడికి ఇంకో దుప్పటి కప్పినట్టు.

రాజు

మా ఊరి తోర్వా పేటలో అప్పలరాజు అని పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాడు. అందరూ రాజు అనేవాళ్ళు. వాళ్ళ నాన్న రైల్వేలో పాయింట్స్‌మన్. కొడుక్కి రైల్వే ఉద్యోగం రాలేదు. పరీక్షలు రాసిరాసి వయసు దాటిపోయాక కెమెరా పట్టుకున్నాడు, మోకాలి నొప్పి వచ్చాక కెమెరా వదిలేసి ఇంట్లో కూర్చుని మిక్సింగ్ పెట్టుకున్నాడు. నలభై దాటిన మనిషి. భార్య పద్మ, బడికెళ్ళే ఒక కూతురు. రెండు గదుల అద్దె ఇల్లు. వెనక గదిలో కంప్యూటర్.

చూసిన పెళ్ళిళ్ళన్నీ అతనికి గుర్తుండేవి. ఎవరి పెళ్ళిలో వాన పడిందో, ఎవరి పెళ్ళిలో పెళ్ళికొడుకు బాబాయి అలిగి వెళ్ళిపోయాడో చెప్పేవాడు. "ఆ అలిగిన ముక్క కోసీసినానక్కా. ఇప్పుడు అలగనట్టే" అని నవ్వేవాడు.

ఒక జనవరిలో దుకాణానికి వచ్చాడు.

"కొత్తది కొనీ తాహతు లేదక్కా. ఒక్కో పెళ్ళి వీడియో తయారై బయటికి రావడానికి రోజు పట్టేస్తంది. వచ్చీ అక్తి పెళ్ళిళ్ళు ఈడ్చీగలిగితే చాలు. ఏటో ఒకటి సెయ్యి."

అక్తి అంటే అక్షయ తృతీయ. ఛత్తీస్‌గఢ్‌లో ఆ చుట్టుపక్కల రోజుల్లో పెళ్ళి లేని వీధి ఉండదు.

యంత్రం చూశాను. నాలుగు కోర్ల పాత ప్రాసెసర్, వేగం పెంచడానికి వీలున్న రకం. మంచి చిప్. వాళ్ళింటికే వెళ్ళి పని చేశాను. హీట్‌సింక్ మార్చాను, వెనక ఇంకో ఫ్యాన్ పెట్టాను. క్యాబినెట్ మీద చెయ్యి వేయగానే జిల్లుమంది.

"రాజూ, ఈ సాకెట్లో ఎర్త్ లేదేటి?"

"ఈ ఇంట్లో ఎక్కడా లేదక్కా. కూలర్ కూడా జిల్లుమంటాది. సెప్పులేసుకుని ముట్టుకుంటాం."

కూలర్ అప్పుడు అటక మీద ఉంది. మా వైపు ఎండలకు ప్రతి ఇంట్లో ఉండే రకమే: రేకు డబ్బా, లోపల గడ్డి పలకలు, నీళ్ళ పంపు, పెద్ద ఫ్యాన్. నేను ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి మీటర్ దగ్గరి నుంచి కంప్యూటర్ సాకెట్ వరకు ఎర్త్ వైరు లాగించాను. అది లేకుండా వోల్టేజ్ సెట్టింగుల మీద చెయ్యి పెట్టనని చెప్పాను. ఇల్లంతా వేయించుకోమని కూడా చెప్పాను.

"ఇంటి ఓనర్‌ని అడగాలక్కా. సీజన్ అయిపోనీ, సూద్దాం."

సరే అన్నాను. రెండు రోజులు కూర్చుని అంకెలు పెంచుతూ పరీక్షించాను. యంత్రం నిలబడింది. రాజు ఒక పెళ్ళి పెట్టి చూశాడు. పొద్దున పెట్టినది మధ్యాహ్నం భోజనాల తర్వాత కాసేపటికే అయిపోయింది. పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"విను రాజూ. ఈ స్పీడు చలికాలానికే. హోలీ అవగానే ఇక్కడికొచ్చి ఈ రెండోది పెట్టుకో. నువ్వే సేసుకోవచ్చు."

"తగ్గించీసి పెళ్ళిళ్ళప్పుడు ఏటి సేత్తానక్కా? పని అప్పుడే కదా."

"అప్పుడు నెమ్మదిగా సెయ్యి."

"అచ్ఛా, అలాగే" అన్నాడు. ఆ అచ్ఛా ఎలాంటిదో నాకు తెలుసు. మా ఊళ్ళో మాట దాటవేయడానికి అందరూ వాడేదే.

మే నెల

అక్తి అయిపోయింది. నేను చెల్లెలి కూతురి పెళ్ళికని విజయనగరం వెళ్ళాను. అక్కడ ఉండగానే మా వీధి ఆవిడ ఫోన్ చేసి రాజు పోయాడని చెప్పింది. "కూలర్ కొట్టీసింది" అంది. ఎండాకాలం మా ఊళ్ళో ఈ మాట ప్రతి ఏడూ వింటాం. కూలర్ కొట్టడం అంటే కూలర్ రేకులోకి కరెంటు రావడం.

జరిగింది నాకు తర్వాత తెలిసింది. ఒకే చోట చెబితే సులువు.

రాజు చలికాలం సెట్టింగు మార్చలేదు. ఏప్రిల్ వరకు యంత్రం ఎలాగో లాక్కొచ్చింది. మే వచ్చాక పని మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. పెళ్ళి ముప్పాతిక వంతు తయారయ్యాక ఆగిపోతే మళ్ళీ మొదటి నుంచి. రతన్‌పూర్ వాళ్ళ పెళ్ళి ఒక్కటే మిగిలింది, మర్నాడు పొద్దున ఇస్తానని మాటిచ్చాడు. అది రెండుసార్లు మధ్యలో ఆగింది. సాయంత్రం దుకాణానికి ఫోన్ చేశాడు. నేను లేను. దుబే గారు ఎత్తాడు. వోల్టేజ్ ఇంకొంచెం పెంచమన్నాడు. క్యాబినెట్ పక్క తలుపు తీసేసి, ముందు గదిలోని కూలర్ తెచ్చి యంత్రానికి ఎదురుగా పెట్టమన్నాడు.

ముందు గదిలో కూలర్ కిటికీ దగ్గర చెక్క బల్ల మీద ఉండేది. దాన్ని వెనక గదిలోకి తెచ్చారు. ఎర్త్ అందని రెండు కాళ్ళ ప్లగ్గుతో ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టారు. గాలి నేరుగా ప్రాసెసర్ మీదికి వస్తోందో లేదో చూడడానికి రాజు కింద కూర్చున్నాడు. ఒక చెయ్యి తెరిచిన క్యాబినెట్ అంచు మీద వేశాడు. రెండో చేత్తో కూలర్ని పట్టుకుని కొంచెం ఇటు తిప్పబోయాడు.

పద్మ వంటింట్లో ఉంది. చప్పుడేమీ రాలేదట. వచ్చి చూసేసరికి రెంటి మధ్యా ఒరిగి ఉన్నాడు. ఆమె వెళ్ళి పట్టుకోబోతే చేతికి కరెంటు దెబ్బ తగిలింది. పక్కింటి ఆవిడ పరిగెత్తుకొచ్చి మెయిన్ దించింది. అప్పటికే అయిపోయింది.

నేను ఊరి నుంచి వచ్చాక లైన్‌మన్‌తో కలిసి ఆ గదికి వెళ్ళాను. కూలర్ రేకుకూ క్యాబినెట్‌కూ మధ్య మీటర్ పెట్టి చూశాం. గోడ సాకెట్‌లో ఎంత వోల్టేజ్ ఉంటుందో అంతా చూపించింది. పంపులో తడి చేరి ఎప్పటినుంచో కరెంటు రేకులోకి కారుతోంది. ఇన్నాళ్ళూ చెప్పులు వేసుకుని ముట్టుకుంటే జిల్లుమని వదిలేసింది, ఎందుకంటే ఆ కరెంటుకు నేలలోకి పోయే మంచి దారి దొరకలేదు. ఆ రోజు దొరికింది. క్యాబినెట్‌కు ఎర్త్ ఉంది. ఒక చేతిలోంచి ఎక్కి, గుండె మీదుగా రెండో చేతిలోకి వచ్చి, క్యాబినెట్‌లోంచి నేలలోకి పోయింది.

ఆ ఎర్త్ నేను వేయించిందే. వేయించడం తప్పు కాదు. ఈ రోజు అదే ఇంటికి వెళ్ళినా వేయిస్తాను. కాని ఒకే గదిలో ఒక రేకుకు ఎర్త్ ఉండి పక్క రేకుకు లేకపోతే ఆ రెంటి మధ్యా నిలబడ్డ మనిషికి ఏమవుతుందో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. అన్నీ చెప్పాయి గాని ఈ రెండూ కలిపి చెప్పలేదు.

"ముట్టుకోలేదని చెప్పు"

లైన్‌మన్‌తో ఆ గదికి వెళ్ళిన రోజు పొద్దున్నే దుకాణానికి వెళ్ళాను. దుబే గారు షట్టర్ సగమే ఎత్తి లోపల కూర్చుని ఉన్నాడు. రాజు ఫోన్ చేసిన సంగతీ, తను చెప్పిందీ ముందు ఆయనే చెప్పాడు. మాట్లాడింది హిందీలోనే, నేను తెలుగులో రాస్తున్నాను.

"జానకీ బేటీ, నువ్వు వాళ్ళింటికి వెళ్తావు కదా. వెళ్ళినప్పుడు ఆ మెషీన్ సెట్టింగులు ఫ్యాక్టరీవి పెట్టేసి రా. ఎవరైనా అడిగితే ఆ మెషీన్ మన దుకాణం ముట్టుకోలేదని చెప్పు."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? రేపు ఎవడో ఒకడు మన బోర్డు ఫొటో తీసి ఊరంతా పంపుతాడు."

"కూలర్ తెచ్చి పెట్టుకోమన్నది మీరే కదా సార్."

ఆయన బల్ల మీద ఉన్న స్క్రూలు వేలితో ఒక పక్కకు జరిపాడు. "గాలి పెట్టుకోమన్నాను. గాలి పెట్టుకోమనడం తప్పా? అతన్ని చంపింది కూలర్. మన వోల్టేజ్‌తో దోమ కూడా చావదు."

ఆయన చెప్పింది నిజమే. అందుకే నాకు అంత కోపం వచ్చింది. అబద్ధం చెప్పి ఉంటే ఆయన మీద జాలి పడేదాన్ని.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. చెడ్డ యజమానులు నాకు తారసపడలేదు. మంచివాడు ఒకడు భయపడినప్పుడు ఎంత త్వరగా మాట మార్చుకుంటాడో చూశాను. ఫ్యాన్ చప్పుడు విని రోగం చెప్పే మనిషి ఫోన్లో ఒక ఇంటి కరెంటు సంగతి అడగకుండానే కూలర్ జరపమన్నాడు. నేర్పినవన్నీ నేర్పింది ఆయనే. అది నాకు రెండు వైపులా బరువే.

నేను సెట్టింగులు మార్చలేదు. కంప్యూటర్ ఆన్ చేసి తెర మీద లైన్‌మన్‌కూ పద్మ అన్నయ్యకూ చూపించాను: చలికాలం సెట్టింగు, దాని మీద నేను పెట్టని ఎక్కువ వోల్టేజ్. ఠాణాకు కూడా వెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదగానే విన్నాడు. "ఫోన్లో చెప్పిన మాటలో కరెంటు ఉంటుందా మేడం?" అన్నాడు. కూలర్ ప్రమాదం అని రాసుకున్నాడు. ఇంకేమీ రాసుకోలేదు.

ఆ నెలాఖరున దుకాణం మానేశాను. దుబే గారు ఆపలేదు. గుమ్మం దాకా వచ్చాడు. నా పనిముట్ల సంచి తన చేతులతో అందించాడు. రాజు పేరు నా ముందు మళ్ళీ ఎత్తలేదు, కనిపించినప్పుడల్లా ఆరోగ్యం అడిగేవాడు. బోర్డు కొన్నాళ్ళకు తీసేశాడు. ఇప్పుడు అక్కడ ఫోన్ కవర్లు అమ్ముతారు.

పద్మ

ఠాణా నుంచి నేరుగా పద్మ దగ్గరికి వెళ్ళాను. రాజు నన్ను అక్కా అనేవాడు కనుక ఆమె నన్ను ఒదినా అంటుంది. కింద చాప మీద కూర్చుని ఉంది. దెబ్బ తగిలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఫోన్లో దుబే గారు ఏం చెప్పాడో ఆమెకు చెప్పడానికి వెళ్ళాను. నేను మొదలుపెట్టేలోపే ఆపింది.

"నాకు తెలుసొదినా. స్పీకర్‌లోనే మాటాడినాడు. నేను పక్కనే ఉన్నాను."

"మరి ఎవరికీ సెప్పలేదేటి?"

"ఏటి సెప్పను? దుకాణమాయన సెప్పినాడు సరే. తోసిందెవరు? నీళ్ళతో ఉంది కదా, బరువు. ఈయనకేమో మోకాలి నొప్పి. బంద్ సేసి ఇద్దరం తోసినాం. ఎక్కువ నేనే తోసినాను." ఆ చెయ్యి చూసుకుని, "సీమల్లాగ పాకీసింది ఒళ్ళంతా, ముట్టుకున్నప్పుడు. ఆయనకీ అలగే అనిపించిందేటో" అంది.

అప్పుడు నేను లైన్‌మన్‌తో చూసినదంతా చెప్పాను. తోయడం వల్ల కాదని, కూలర్‌లో కరెంటు ఎప్పటినుంచో ఉందని, ఆ రోజు దానికి దారి దొరికిందని. దారి ఎలా దొరికిందో కూడా చెప్పాను. దాచితే సగమే చెప్పినట్టవుతుంది.

పద్మకు చదువు తక్కువైనా మాట సూటిగా పట్టుకుంటుంది.

"అయితే ఒదినా, నువ్వు ఆ తీగ ఎయ్యకపోతే?"

"ఎయ్యకపోతే ఆ రోజు జిల్లుమని వదిలీసేదేమో. ఏమో పద్మా. తడి నేల మీద సెప్పుల్లేకుండా ఇంకో రోజు ఇంకెవరో ముట్టుకుందురు. పాప ముట్టుకుందును. నాకు తెల్దు."

ఆమె నన్ను తిట్టలేదు. ఫరవాలేదనీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి ఒక చేత్తోనే టీ పెట్టి తెచ్చింది. తాగాను.

ఆ తర్వాత పని చేసినన్నాళ్ళూ నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ ఇంటికి పిలిచినా ముందుగా గోడలోని కరెంటు సంగతి చూసేదాన్ని. మెయిన్ దగ్గర ఈఎల్‌సీబీ అని చిన్న పెట్టె ఒకటి పెట్టుకోవచ్చు. కరెంటు దారి తప్పి మనిషిలోంచి పోవడం మొదలైతే రెప్పపాటులో ఇల్లంతా ఆపేస్తుంది. అది లేని ఇంట్లో వేగం పెంచనని చెప్పేదాన్ని. "కంప్యూటర్ బాగుచేయమంటే కరెంటు పాఠాలు చెబుతుంది" అని చాలామంది వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళనిచ్చాను. చెప్పి ఊరుకోవడం, చేయించడం ఒకటి కావు. రాజుకు నేను చెప్పాను. రెండూ చెప్పాను, సెట్టింగు మార్చమని, ఇల్లంతా ఎర్త్ వేయించమని. అతను సీజన్ అయ్యాక చూద్దామన్నాడు. సంపాదన ఏడాదిలో కొన్ని వారాలే ఉన్న మనిషి ఇంకేమంటాడు? అలా అనే మనిషినే మీరు రోజూ చూస్తారు. అతను వినలేదని చెప్పుకుని ఇంటికి రావడం చాలా సులువు. మీకు ఆ సులువు అలవాటు కాకూడదని ఇదంతా రాస్తున్నాను.

రతన్‌పూర్ పెళ్ళి

పెద్దకర్మ ఇంకా కాలేదు. రతన్‌పూర్ నుంచి పెళ్ళికొడుకు తండ్రి వచ్చాడు. రైతు. గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు, లోపలికి రానన్నాడు. జరిగింది తెలుసన్నాడు. తొందరేమీ లేదన్నాడు. వెంటనే మళ్ళీ, వాళ్ళమ్మకు చూపు మందగిస్తోందని, కొంచెం కనిపిస్తుండగానే మనవడి పెళ్ళి చూడాలంటోందని అన్నాడు. అని, అన్నందుకు సిగ్గుపడ్డాడు.

పద్మ నాకు కబురు పెట్టింది. నేను వెళ్ళేసరికి వెనక గది ఊడ్చి ఉంది. కూలర్ లేదు, వాళ్ళన్నయ్య తీయించేశాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఇల్లంతా ఎర్త్ వైరు లాగి వెళ్ళాడు. ఇంటి ఓనరే పంపించాడట.

రాజు కోయాల్సిందంతా కోసి, అతకాల్సిందంతా అతికి ఉంచాడు. చివరిగా అంతా ఒకే వీడియోగా బయటికి తీయడమే మిగిలింది. "నీకొచ్చు కదొదినా, తీసిచ్చీ" అంది పద్మ.

"ముందు స్పీడు తగ్గించాల. పాత సెట్టింగు పెడతాను. సరేనా?"

"పెట్టీ."

దుబే గారు చాటుగా చేయమన్న పనే, పద్మా వాళ్ళన్నయ్యా చూస్తుండగా చేశాను. ఫ్యాక్టరీ వేగం పెట్టాను. క్యాబినెట్ పక్క తలుపు మూసి బిగించాను. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. పొద్దున భోజనాలకు చాలా ముందే బటన్ నొక్కి ఇద్దరం కూర్చున్నాం.

తెర మీద పెళ్ళి ముక్కలు ముక్కలుగా వెళ్తూ ఉంది. పసుపు రాస్తున్నారు. ఎవరో ముసలావిడ డాన్స్ చేస్తోంది. ఒకచోట పెళ్ళికొడుకు తలపాగా జారింది, ఆ వెంటనే సరిగ్గా ఉంది. రాజు మధ్యలో కోసేసి ఉంటాడు. పద్మ అన్నీ చూసింది. మధ్యలో పాప పక్కింటి నుంచి వచ్చింది. దానికి అన్నం పెట్టి మళ్ళీ వచ్చి కూర్చుంది. యంత్రం ఒక్కసారి కూడా తడబడలేదు.

దీపాలు పెట్టే వేళకు ముందే అయిపోయింది.

పద్మ తెర వైపు చూసింది. కిటికీలోంచి వస్తున్న వెలుతురు వైపు చూసింది.

"ఇది మామూలు స్పీడేనా ఒదినా?"

"మామూలుదే. అది వచ్చినప్పటి స్పీడు."

"ఆయన వాళ్ళకి మర్నాడు పొద్దున కదా ఇస్తానన్నాడు."

"అవును."

"మరి ఆ రాత్రి ఇలగే పెట్టీసి ఒదిలీసినా..." అని ఆగిపోయింది. ఆ మాట పూర్తి చేయలేదు.

నేను పెన్ డ్రైవ్ తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని పమిట కొంగుతో తుడిచి తలుపు పక్క గూట్లో పెట్టింది. మర్నాడు పొద్దున్నే రతన్‌పూర్ ఆయన బస్సులో వచ్చి తీసుకుని వెళ్ళిపోయాడు.